తూకందారు తలాపున కలబంద

మిత్వల్లీకి ఊరు అప్పజెప్పిన ఉద్యోగం గోరీలదొడ్డిలో కలబందలకు నీళ్ళు పొయ్యడం. ముప్పై నాలుగేళ్ళుగా ఆయన ఆ బాధ్యతను ఒక్క గురువారం కూడా తప్పకుండా, అత్యంత నిష్ఠతో, నీళ్ళు పొయ్యకుండా నెరవేర్చుకొచ్చాడు. అందుకే మా ఊరి గోరీల తలాపున కలబందలు చుట్టుపక్కల ఏ ఊళ్ళోనూ లేనంత పచ్చగా ఉండేవి. కారణం ఊరికి తెలియదు. తెలిసిన ఒక్క ఇంట్లోవాళ్ళూ చెప్పేవాళ్ళు కాదు.

గోతులు తవ్వడం, వాటి మీద ఇటుక కట్టడం, రాళ్ళ మీద పేర్లు చెరిగిపోతే మసితో దిద్దడం కూడా ఆయన పనులే. కాని చావు రోజూ రాదు, గురువారం వారం వారం వస్తుంది. కనక ఊరి లెక్కలో ఆయన ప్రధానంగా నీళ్ళమనిషి. మొహం కూడా వృత్తికి తగ్గట్టు అమిరింది. ఎవరి దుఃఖానికైనా సరిపోతుంది, ఎక్కడా వదులు కాదు, ఎక్కడా బిగువు కాదు. ఆయన పుట్టింది కూడా దొడ్డి గేటును ఆనుకుని ఉన్న గదిలోనే. సిత్తుహుం అనే అమ్మాయిని అడగడానికి వెళ్ళినప్పుడు ఆమె తరఫువాళ్ళు, "మీ ఇరుగుపొరుగు ఎలాంటివాళ్ళు?" అన్నారట. "చాలా నెమ్మదస్తులు" అన్నాడట ఈయన. పెళ్ళయిపోయింది.

మా ఊరు నైలు గట్టున, నల్లమట్టిలో ఉంటుంది. గోరీలదొడ్డి పంటకాలువ దాటాక, పొలాలు అయిపోయి ఇసుక మొదలయ్యే గీత మీద ఉంటుంది. పండే నేలను చచ్చినవాళ్ళకు ఇచ్చేంత దర్జా మా తాతలకు లేదు. ప్రతి గోరీకీ తలాపున ఒక కలబంద నాటడం ఆచారం. అది పచ్చగా ఉంటే కింద మనిషికి చల్లగా ఉన్నట్టు. అది వాడితే కింద ఏదో విచారణ నడుస్తున్నట్టు. ఈ సంగతి ఏ గ్రంథంలోనూ లేదని మసీదు షేకులు చెబుతూనే ఉంటారు. చెప్పి, వెళ్ళేటప్పుడు వాళ్ళ నాన్న తలాపున కలబందను ఓసారి చూసుకుని వెళతారు.

మిత్వల్లీకి ఈ విద్య వాళ్ళ నాన్న హిలాల్ నుంచి వచ్చింది. ఆయన ఆఖరి రోజుల్లో కొడుకును మంచం దగ్గర కూర్చోబెట్టుకుని, ఆస్తి పంచుతున్నంత గంభీరంగా చెప్పాడు.

"ఆకును చూడరా. వెడల్పుగా, గట్టిగా ఉందంటే దాని కడుపు నిండుగా ఉంది. దాని జోలికి పోకు. సన్నబడి, అంచులు లోపలికి ముడుచుకుని దోనెలా అయిందనుకో, అప్పుడు దాహం. అప్పుడు పొయ్యి. తెల్లవారకముందే, మొక్క మొదట్లో, తడి జానెడు లోతు దిగేలాగా. ఆకుల నడుమ సుడిలో చుక్క పడిందో, అక్కణ్ణించే కుళ్ళు. పోశాక మళ్ళీ దోనె అయ్యేదాకా మర్చిపో."

"ఎన్నాళ్ళకి నాన్నా?"

"ఎండల్లో నెలకోసారి. తూబా నెల చలిలో అసలు వద్దు. అది పడుకుంటుంది. పడుకున్నవాడి నోట్లో నీళ్ళు పోస్తారట్రా?"

"మరి జనం?"

హిలాల్ కొడుకు వైపు ఒత్తిగిలాడు. "జనానికి తడివాసన కావాలి. అది వేరే సంగతి" అన్నాడు.

ఆ వేరే సంగతిని మిత్వల్లీ ఇలా నడిపించాడు. గురువారం మధ్యాహ్నం జనం వచ్చే వేళకు పెద్ద రేకుడబ్బా నిండా నీళ్ళు తీసుకుని, జల్లెడ మూతి బిగించి, గోరీల వరసల మధ్య దారి మీద జల్లుకుంటూ పోతాడు. కాలే ఇసుక మీద నీళ్ళు పడి కమ్మటి వాసన లేస్తుంది. "బాగా పోశావు బాబాయ్, చల్లగా ఉండు" అని జనం ఆయన చేతిలో గోరీ దగ్గర పంచే రొట్టెలు, ఖర్జూరాలు పెడతారు. ఎవరైనా ఇంటి నుంచి చెంబు తెస్తే, "మీకెందుకమ్మా శ్రమ, ఇలా ఇవ్వండి" అని వినయంగా అందుకుని ఇటుకల పక్కన పోసేస్తాడు. మొక్కలకు పోసేది ఎవరూ లేవని చీకట్లో, నెలకోసారి. చూడని దాన్ని ఎవరూ లెక్కవెయ్యరు కనక ఆయన కూడా వెయ్యలేదు.

నీళ్ళు పొయ్యకుండా నీళ్ళకని ఇచ్చిన రొట్టె తినడం మోసమా కాదా అన్న ప్రశ్న ఆయనకు రాకపోలేదు. తనే ఖాజీగా కూర్చుని, తనే ముద్దాయిగా నిలబడి, ఇరుపక్షాలూ విని, కేసు వాయిదా వేశాడు. ఆ వాయిదాల్లో ముప్పై నాలుగేళ్ళు గడిచిపోయాయి.

నడివేసవిలో, అబీబ్ నెల మధ్యలో, పత్తి తూకాలు ఇంకా మొదలు కాకముందు, తూకందారు అబ్దుల్ మౌజూద్ చనిపోయాడు.

ఇరవై ఆరేళ్ళు ఊరి పత్తి కాటా ఆయన చేతిలో ఉంది. కనక ఊళ్ళో పత్తి పండించిన ప్రతివాడికీ ఆయన మీద ఒక అభిప్రాయం ఉంది. వివాదం ప్రధానంగా ఆయన బొటనవేలి గురించి. తూచేటప్పుడు కాటా దండె చివర ఆ వేలు ఆనించేవాడు. దండె ఊగకుండా పట్టుకోవడానికి అని ఆయన. బస్తా తేలిక చెయ్యడానికి అని మిగతావాళ్ళు. వీళ్ళందరిలోకీ గొంతు పెద్దవాడు అబూ సరీ. ఒక సంవత్సరం తన పత్తి అర బస్తా ఆ వేలు తినేసిందని పదకొండేళ్ళుగా టీ బంకు దగ్గర చెబుతూ వచ్చాడు. మొదట్లో కోపంగా చెప్పేవాడు. పోను పోను బాగా చెప్పడం అలవాటైంది.

అబ్దుల్ మౌజూద్ భార్య ఇన్షిరాహ్ ఇవన్నీ విన్న మనిషే. సన్నగా, నెమ్మదిగా ఉంటుంది. మాట్లాడితే పక్కవాళ్ళు ముందుకు వంగి వినాలి. నలభయ్యో రోజున ఊరంతా గోరీ దగ్గరకు వస్తుంది, అబూ సరీ కూడా వస్తాడు. ఆ రోజుకు ఆయన తలాపున కలబంద పచ్చగా నిలబడి ఉండాలి. అది వాడి ఉంటే, బొటనవేలి కేసులో పైనుంచి తీర్పు వచ్చేసిందని ఊరు రాసేసుకుంటుంది. దాని మీద మళ్ళీ అప్పీలు ఉండదు. ఆమెకు కావలసింది ఆ ఒక్కటే.

అందుకని రోజూ పొద్దున్నే బిందె నీళ్ళు తెచ్చి మొక్క నెత్తిన కుమ్మరించేది.

సాయంత్రం అబ్దుల్ మౌజూద్ అక్క నఫూసా వచ్చేది. తల్లి పోయాక తమ్ముణ్ణి ఎత్తుకు పెంచిన మనిషి. భారీ విగ్రహం, గొంతు అంతకన్నా భారీ. ఆమెదీ ఒక బిందె. మరదలి బిందె కన్నా కాస్త పెద్దది. ఇద్దరిలో ఎవరి చేతిలోంచీ మిత్వల్లీ బిందె అందుకోలేకపోయాడు. "మీకెందుకమ్మా శ్రమ" అంటే ఇన్షిరాహ్ వినబడనట్టు తల దించుకుంది. నఫూసా మాత్రం, "నా తమ్ముడికి నేను ఒళ్ళు తోమి స్నానాలు చేయించాను, ఇప్పుడు నువ్వొచ్చావా శ్రమ అంటూ" అంది.

ఇది చాలదన్నట్టు ఇసుకలో ఏం బలముంటుందని, ఇద్దరూ ఎవరికి వారు పొలంనుంచి రెండేసి గంపల నల్లమట్టి తెచ్చి మొదట్లో కూరారు. నల్లమట్టి తడిని వారం రోజులు వదలదు. పత్తికి మంచిదే.

పదిహేనో రోజు ఉదయం మిత్వల్లీ మొక్క దగ్గర కూర్చుని వేలితో ఆకు నొక్కాడు. వేలు లోపలికి పోయింది. ఆకు మొదట్లో లేత పసుపు రంగుకు తిరిగి, నానిన కాగితంలా పల్చబడి ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుని చూసి వేలు ఇసుకలో తుడుచుకున్నాడు.

ఇన్షిరాహ్ బిందెతో వచ్చి నిలబడింది. "ఎలా ఉంది బాబాయ్?"

"బొద్దుగా ఉందమ్మా."

"మంచిదే కదా?"

"మనుషులకైతే మంచిదే."

ఆమె బిందె కింద పెట్టి ఆకుల కేసి చూసింది. ఆమె మెల్లగా అన్నది వినడానికి మిత్వల్లీ ముందుకు వంగాడు. "పసుపు తిరిగింది. ఆయన బాగా లేడా బాబాయ్?"

ముప్పై నాలుగేళ్ళలో ఆయన్ను ఎవరూ ఇంత తిన్నగా అడగలేదు. నీళ్ళు ఎక్కువయ్యాయమ్మా అని చెబితే సరిపోతుంది. కాని చెబితే, నీళ్ళు తక్కువైనవాళ్ళు ఎలా పచ్చగా ఉన్నారన్న ప్రశ్న వస్తుంది. తర్వాత మొత్తం దొడ్డంతా వచ్చి మీద పడుతుంది.

"ఆయన బాగానే ఉన్నాడమ్మా. మొక్కకే వంట్లో బాగాలేదు. మీ వదినగారిని కూడా రమ్మనండి, ఇద్దరి ముందే వైద్యం చేస్తాను."

నఫూసా వచ్చేసరికి ఎండ ముదిరింది. ఇద్దరి ఎదుటా మిత్వల్లీ మొక్కను వేళ్ళతో సహా పెకలించాడు. వేళ్ళు ఉండవలసిన చోట గోధుమరంగు జావ లాంటిది కారింది. నఫూసా మొహం తిప్పుకుంది, ఇన్షిరాహ్ తిప్పుకోలేదు. ఆయన కత్తిని బూడిదతో రుద్ది, మెత్తబడిన కాండాన్ని చెక్కుకుంటూ పోయాడు, తెల్లటి గట్టి కండ కనబడేదాకా. పాడైన ఆకులు తొమ్మిది తీసేశాడు. చివరికి పిడికెడు మొక్క మిగిలింది. నాలుగాకులు, ఒక సుడి, కింద వేలెడు మొండి.

"ఇంతేనా?" అంది నఫూసా.

"ఇదైనా మిగిలింది."

"నాటు మరి. ఇప్పుడే పోస్తాను నీళ్ళు."

"ఇప్పుడు నాటకూడదమ్మా. కోసిన పుండు ఎండాలి. నీడలో, గాలి తగిలేచోట, తలకిందులుగా వేలాడదీయాలి, మన ఇళ్ళ గుమ్మాలకు కట్టుకుంటామే, అలా."

ఇది ఆయన తీరుబడిగా ఆలోచించి పెట్టుకున్న ఎత్తు. గుమ్మానికి కట్టిన కలబందకు నీళ్ళు పొయ్యాలని మా ఊళ్ళో పిచ్చివాడికి కూడా తోచదు. గాలి పీల్చి ఏళ్ళకు ఏళ్ళు బతుకుతుంది, దాని గొప్పే అది. అదే మొక్క గోరీ మీద ఉంటే నీళ్ళు పొయ్యకపోవడం పాపం. గుమ్మం మీద ఉంటే పొయ్యడం వెర్రి. ఈ రెండు నమ్మకాలూ ఒకే తలలో, ఒకదానితో ఒకటి పలకరించుకోకుండా కాపరం చేస్తాయి. మిత్వల్లీ వాటి మధ్య గోడ పక్కనే ఒదిగి నడిచాడు.

"అయితే మా గుమ్మానికి కడతాను" అంది ఇన్షిరాహ్.

"మీ గుమ్మమా? వాడు పుట్టింది నా ఇంట్లో. మా నాన్న కట్టిన గుమ్మం అది."

"పోయింది మా ఇంట్లో, వదినా."

"అదే నేనూ అంటున్నా. నీ ఇంట్లో పోయాడు."

ఇన్షిరాహ్ వంగి, కోసేసిన ఆకులు ఏరి ఒక పక్కన పెట్టింది. అది చూసి నఫూసాకే ఇబ్బందిగా అనిపించి కొంగు సర్దుకుంది. మిత్వల్లీ తీర్పు చెప్పాడు. ఎండడానికి ఇరవై ఒక్క రోజు పడుతుంది, ముందు పదకొండు రోజులు భార్య గుమ్మం, తర్వాత పది అక్క గుమ్మం. ఆ ఒక్క రోజు ఎందుకు ఎక్కువని నఫూసా అడిగింది. "మొదటి రోజు మొక్క నొప్పితో ఉంటుంది, దాన్ని రోజుగా లెక్కపెట్టకూడదు" అన్నాడు మిత్వల్లీ. నఫూసాకు ఆ మాట న్యాయంగా తోచింది.

తూకందారు గోరీ తలాపున బోడిగా ఉందన్న సంగతి మర్నాటికి టీ బంకుకు చేరింది. "మొక్క కూడా ఉండలేక వెళ్ళిపోయింది" అన్నాడట అబూ సరీ. మూడు రోజులు ఆ మాట ఊళ్ళో బాగా ఆడింది. నాలుగో రోజు నఫూసా కూరల బజారులో ఆయన్ను పట్టుకుని ఏమన్నదో ఎవరూ పూర్తిగా చెప్పరు కాని, ఆ మధ్యాహ్నం అబూ సరీ టీ బంకుకు రాలేదు.

సిత్తుహుం మాత్రం మొగుడితో రోజూ ఒకటే పోరు. "చెప్పెయ్యకూడదా వాళ్ళకి, నీళ్ళే దాని ప్రాణం తీశాయని?"

"చెప్పొచ్చు."

"మరి?"

"ఆ ఇన్షిరాహ్ పదిహేను రోజులు రోజుకో బిందె మోసింది. ప్రతి బిందే ఆయనకు చల్లదనం అనుకుంది. ఇప్పుడేమని చెప్పను?"

"అది ఒకటి. రెండోది?"

"రెండోది నీకు తెలుసు కదా. రొట్టెలు తింటున్నావుగా నువ్వు కూడా."

సిత్తుహుం టీలో చక్కెర కలుపుతూ ఆ సంగతి అక్కడితో ఆపేసింది.

ముప్పై ఆరో రోజున మొక్కను దించారు. కోసిన చోట చర్మం బిగిసి, బెండులా ఎండి, అంచున రెండు తెల్లని మొటిమలు పొడిచాయి. అవి కొత్త వేళ్ళు. మిత్వల్లీ నాలుగు గంపల నల్లమట్టినీ తోడి బయట పారబోసి, ముతక ఇసుక, ఇటుక ముక్కలు కలిపి నింపి, మధ్యలో మొక్కను నిలబెట్టాడు. ఇసుక పొడిగా ఉంది. కనీసం రెండు వారాలు పొడిగానే ఉండాలి. కొత్త వేరు తడిని వెతుక్కుంటూ దిగాలి. దొరికిపోతే దిగదు, నాని పోతుంది.

ఈ సంగతి ఇద్దరు ఆడవాళ్ళకూ చెప్పాడు, ఈసారి దాపరికం లేకుండా. "చుక్క పడితే పోతుంది. ఈసారి కోసి తియ్యడానికి ఇంకేం మిగల్లేదు." నఫూసా ఏదో అనబోయింది. ఇన్షిరాహ్ ఆమె చెయ్యి పట్టుకుంది. వదినామరదళ్ళు పొడిచేతులతో ఇంటికి వెళ్ళారు. అలా వెళ్ళడం చూసి పక్క గోరీకి వచ్చినవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు.

నలభయ్యో రోజు పొద్దున్న, ఎండ ఇంకా పసుపుగా ఉండగానే జనం రావడం మొదలైంది. ఏడున్నరకు కాలు పెట్టే చోటు కూడా లేనంత గుంపు. గుడ్డి షేకు బయ్యూమీ చాప మీద కూర్చుని తెల్లవారుజామునుంచి ఖురాను చదువుతున్నాడు. వచ్చిన ప్రతివాడి చేతిలోనూ ఏదో ఒకటి ఉంది. చెంబు, కూజా, కెటిలు, ఒకరి చేతిలో ఖాళీ నూనె డబ్బా నిండా నీళ్ళు. అందరూ మొక్కను చూశారు. అది వాడలేదు, పసుపు లేదు, నిటారుగా ఉంది. కాని ఇరవై రోజుల గాలికి ఆకులు ఎర్రబారి, దోనెల్లా ముడుచుకుని ఉన్నాయి.

"దాహంతో ఉంది పాపం" అంది ఒకావిడ.

"వాళ్ళకి చేతులు రాలేదు కామోసు నీళ్ళు పొయ్యడానికి" అంది ఇంకొకావిడ, వినబడేలా.

మిత్వల్లీ తలాపున నిలబడి ఇరవై చెంబుల దాకా "శ్రమ ఎందుకమ్మా" అని అందుకుని పక్కన పోశాడు. అంతలో గుంపు పాయలైంది. అబూ సరీ వస్తున్నాడు. ఉతికిన గలాబియ్యా, పాదాల దాకా వేలాడే చొక్కా అది, తలపాగా, రెండు చేతుల్లో మట్టి కూజా. మూతికి నిమ్మాకు కూడా పెట్టాడు. ఇన్షిరాహ్ లేచి నిలబడింది.

"అందరూ వినండయ్యా" అన్నాడు అబూ సరీ. ఇది టీ బంకు దగ్గర అలవాటైన గొంతే. "ఈ మనిషి వేలు నా పత్తి అర బస్తా తిన్నదని పదకొండేళ్ళు అన్నాను. తిన్నదో లేదో ఇంక నాకొద్దు. ఈ నీళ్ళు ఆయన తలాపున పోసి ఆ మాట వదిలేస్తున్నా. రేపట్నుంచి నా నోట వినరు."

పదకొండేళ్ళుగా ఇన్షిరాహ్ ఎదురుచూసిన మాట ఊరందరి ఎదుటా వచ్చింది. వచ్చింది కూజాలో. అది పోస్తే మొక్క వారంలో పోతుంది. పోతే, క్షమించినా పైన ఒప్పుకోలేదని ఊరు అంటుంది. వద్దంటే, వదిలేస్తానన్నవాణ్ణి తిప్పి పంపినట్టు. ఆమె మిత్వల్లీ కేసి చూసింది.

అబూ సరీ కూజా వంచాడు. మిత్వల్లీ అరచెయ్యి దాని మూతికి అడ్డం పెట్టాడు.

"మాట వదిలెయ్ అబూ సరీ. నీళ్ళు మాత్రం పొయ్యకు."

"ఎందుకు?"

"చస్తుంది."

"నీళ్ళు పోస్తే చస్తుందా? నువ్వు ఇన్నేళ్ళుగా పోస్తున్నావుగా వీళ్ళందరికీ."

తప్పించుకోవడానికి నాలుగైదు దారులు మిత్వల్లీకి కనబడే ఉంటాయి. తీరుబడి ఉంటే ఏదో ఒకటి ఎంచుకునేవాడేమో. కాని కూజా వంగే ఉంది.

"పొయ్యలేదు" అన్నాడు.

"ఏంటి పొయ్యనిది?"

"గురువారం మీరు చూసేది దారి మీద పోస్తాను. మొక్కల మీద కాదు. నెలకోసారి పోస్తే వాటికి చాలు, చలికాలం అదీ వద్దు. మీరు పోసినట్టు నేనూ పోసుంటే ఈ దొడ్లో ఒక్క ఆకు మిగిలేది కాదు. ఈయనది పాడైంది కూడా అందుకే. అమ్మగారూ అక్కగారూ ప్రేమ ఎక్కువై పోశారు. కింద ఆయనకూ దానికీ ఏ సంబంధమూ లేదు."

షేకు బయ్యూమీ వాక్యం మధ్యలో ఉన్నాడు కనక అది పూర్తి చేసి ఆపాడు.

"మా అమ్మకి కూడా పొయ్యలేదా?" అంది వెనకనుంచి ఒకావిడ.

"పొయ్యలేదమ్మా. అందుకే అంత బాగుంది."

"మా మామగారికి?"

"ఆయన పోయి రెండు నెలలే కదా, ఇంకా అవసరమే రాలేదు."

"మరి రొట్టెలు?"

"తిన్నాను" అన్నాడు మిత్వల్లీ. ముప్పై నాలుగేళ్ళ వాయిదా మీద ఉన్న కేసులో ముద్దాయి నేరం ఒప్పుకున్నాడు.

గుంపులో గొణుగుడు మొదలైంది. అబూ సరీ మాత్రం కదల్లేదు. "అంటే నా క్షమాపణ దాన్ని కుళ్ళబెడుతుందంటావు."

"నీ క్షమాపణ కాదయ్యా. నీ నీళ్ళు."

"నేను రెండూ ఒకే కూజాలో తెచ్చాను" అన్నాడు అబూ సరీ, దీనంగా. "ఇప్పుడు ఇవి ఇంటికి పట్టుకెళ్ళమంటావా?"

అప్పుడు ఇన్షిరాహ్ ముందుకొచ్చి చేతులు చాచింది. ఆయన ఇవ్వడమా మానడమా అని తేల్చుకునేలోపే కూజా ఆమె చేతుల్లో ఉంది. నిమ్మాకు తీసి, కూజా ఎత్తి తాగింది. నలభై రోజులుగా సరిగా తిండి లేని గొంతు. గటగటా దిగడం అందరికీ వినబడింది. మూతి తుడుచుకుని అంది, మొదటిసారి ఎవరూ ముందుకు వంగనక్కర్లేకుండా. "ఆయన బదులు నేను పుచ్చుకున్నాను, అబూ సరీ అన్నయ్యా. ఇంక ఏ లెక్కా లేదు."

అబూ సరీ తల ఊపాడు, చాలాసార్లు.

"మొత్తం తాగేస్తావేంటే" అంది నఫూసా. "నా తమ్ముడు వాడు. నాకూ వాటా ఉంది." కూజా లాక్కుని మిగతాది ఆమె తాగింది. సగం మెడ మీద కారింది.

చాప మీంచి షేకు బయ్యూమీ గొంతు సవరించుకున్నాడు. "ఈ మనిషికి పుణ్యం చెందాలని నేను చీకటితో లేచి చదువుతున్నాను. ఇన్ని నీళ్ళు వచ్చాయని చప్పుడు వింటున్నాను. నాకొక్కరూ గుక్కెడు ఇవ్వలేదు."

నాలుగు చెంబులు ఒక్కసారిగా ఆయన ముందుకు వచ్చాయి. ఆయన మర్యాదస్తుడు కనక నాలుగింటిలోనూ తాగాడు. మిగిలిన నీళ్ళు ఎవరివి ఎవరు తాగారో తెలియదు. ఎండ ఎక్కింది, అందరికీ దాహంగానే ఉంది. నూనె డబ్బాలో తెచ్చినవి మాత్రం గాడిదలకు పెట్టారు.

తర్వాత మిత్వల్లీ మీద మసీదు అరుగు దగ్గర సుదీర్ఘమైన చర్చ జరిగింది. ఆయన్ను తీసేసి వేరేవాణ్ణి పెట్టాలని ఒక పక్షం. పెడితే వాడు నిజంగానే నీళ్ళు పోస్తాడేమోనని రెండో పక్షం. రెండో పక్షం గెలిచింది. మూడు కుటుంబాలవాళ్ళు ఆయనకు రొట్టె ఇవ్వడం మానేశారు. ఇంకో కుటుంబం వాళ్ళు గురువారం నాడు ప్రత్యేకంగా వచ్చి, "మా నాన్నకి మీరు స్వయంగా నీళ్ళు పొయ్యకుండా చూసుకోవాలి, వేరేవాళ్ళకి అప్పగించొద్దు" అని రెండు రొట్టెలు ఎక్కువ పెట్టి వెళ్ళారు. దారి మీద నీళ్ళు జల్లడం ఆయన మానలేదు. తెలిసిపోయినా జనం ఆ వాసన అడిగారు.

నలభయ్యో రోజు తర్వాత పదో రోజున మిత్వల్లీ ఆడవాళ్ళిద్దరికీ కబురు పంపాడు. మొక్కను పట్టుకుని మెల్లగా పైకి లాగి చూపించాడు. అది రాలేదు. వేళ్ళు ఇసుకను పట్టుకున్నాయి. ఎర్రబారిన ఆకుల నడుమ సుడిలో చిటికెనవేలు గోరంత కొత్త ఆకు, పచ్చగా.

"ఇవాళ పొయ్యొచ్చు" అన్నాడు.

నఫూసా బిందె తెచ్చింది. మిత్వల్లీ టీ గ్లాసు తెచ్చాడు.

"ఇదా?" అంది నఫూసా. "పిచ్చుక కూడా అడుగుతుంది ఇంకో గ్లాసు."

"అయితే రెండు. చెరొకటి. మొదట్లో పొయ్యండి, సుడి మీద వద్దు."

నఫూసా పోసింది. తర్వాత ఇన్షిరాహ్ పోసింది, గ్లాసు అంచు ఇటుకకు ఆనించి, మెల్లగా. ఇసుక రెండుసార్లూ తాగేసి ఏమీ జరగనట్టు ఊరుకుంది. అవతల పొలాల్లో పత్తి ఏరుతున్నారు. ఆ వారమే కొత్త తూకందారు కాటా దగ్గర కూర్చున్నాడు. ఊరు ఇప్పుడు అతని మోచెయ్యి గురించి మాట్లాడుతోంది.

ఇద్దరూ ఇటుకల మీద కూర్చుని ఆ కొత్త ఆకును చూశారు.

"మళ్ళీ ఎప్పుడు?" అంది ఇన్షిరాహ్.

"ఆకు దోనె అయినప్పుడు. నెల పడుతుంది."

"ఏ తారీకు?" అంది నఫూసా.

"తారీకు మొక్క చెబుతుందమ్మా."

నఫూసా మొక్క కేసి అనుమానంగా చూసింది. "అప్పటిదాకా మేమేం చెయ్యాలి?"

మిత్వల్లీకి దీనికి వాళ్ళ నాన్న ఏమీ చెప్పలేదు. అందుకని లేచి గదిలోకి వెళ్ళి సిత్తుహుంతో మూడు టీలు పెట్టమన్నాడు.